దేముడమ్మ పేరు మీద పాట

రాజాం చుట్టుపక్కల ఏ ఊళ్లో మనిషి పోయినా దేముడమ్మకు కబురొచ్చేది. శవం తల దగ్గర కూర్చుని, పోయినవాళ్ల పేరు పెట్టి ఆమె రాగం తీసిందంటే, కోర్టుకెక్కిన అన్నదమ్ములు కూడా ఒకరినొకరు పట్టుకుని ఏడవాల్సిందే. చెప్పొద్దూ, అలాంటి గొంతు! పేరు లేనిదే ఆమెకు రాగం రాదు. అందుకే నలభై ఏళ్లుగా ఒకటే నియమం: శవం లేని చోట పాడదు, బతికున్నవాళ్ల పేరు పాటలోకి రానివ్వదు.

అక్క కొడుకు ధర్మేంద్రకు రాజాంలో స్టూడియో ఉంది. గది నిండా కంప్యూటర్లు.

"పిన్నీ, నీ ఏడుపు పాటలన్నీ దీనికి ఇనిపిస్తే, నీ గొంతుతోనే కొత్తవి అదే కడతాది. నువ్వు పోయినా నీ పాట ఉంటాది," అన్నాడు.

పిల్లల్లేని మనిషి. ఆ చివరి మాటకు కరిగిపోయింది.

"ఎవులి పేరెట్టి ఏడవమంతావురా?"

"ఏదో ఒకటి పెట్టు పిన్నీ!"

ఎవరి పేరు పెడితే వాళ్లకు కీడు. అందుకని ఆ పిచ్చితల్లి తన పేరే పెట్టుకుని మూడు రోజులు పాడింది. అన్నీ తెలిసిన మనిషి ఇంత తెలివిమాలిన పని చేస్తుందా అంటే, చేసింది మరి!

నెల తిరిగాక ధర్మేంద్ర వచ్చి ఆమె అరుగు మీద స్పీకరు పెట్టాడు.

"ఇది నువ్వు పాడింది కాదు పిన్నీ. కంప్యూటరు కట్టింది."

గొంతు ఆమెదే. "ఓలమ్మో దేముడమ్మా, ఊరందరికీ ఏడిసినావు, నీకు ఏడిసీవోలు ఎవులే..."

ఆ మాట ఆమె ఏనాడూ పాడలేదు. ఎవరితోనూ అననూ లేదు. ఇన్నేళ్లూ లోలోపల భయపడుతూ వచ్చింది మాత్రం దానికే.

"ఆపరా! నాకు బయమేస్తంది, ఆపు!"

ఆపాడు. కానీ అప్పటికే వీధిలో విన్నవాళ్లు పొలాలకు కబురు మోసేశారు. గంట తిరగకుండానే, పాడెలు కట్టే కూర్మయ్య రెండు పచ్చి వెదుళ్లు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎదురుగా దేముడమ్మను చూసి కొయ్యబారిపోయాడు.

"వదినా! పోయినావన్నారే!"

"ఉన్నానయ్యా. అవి పట్టుకుపో."

కూర్మయ్య కదల్లేదు. పాడెకని కొట్టిన వెదురు వెనక్కి మోసుకెళ్లకూడదు. ఏ గుమ్మానికి తెచ్చారో ఆ గుమ్మంలోనే, పచ్చి ఆరకముందే పాడె కట్టాలి. ఆ ఊరి కట్టుబాటు అది. తప్పబోయినవాళ్లను ఇన్నాళ్లూ చీవాట్లు పెట్టింది దేముడమ్మే.

ధర్మేంద్ర స్పీకరు సంచిలో పెట్టుకుని, చెప్పకుండానే బండెక్కి వెళ్లిపోయాడు.

"గోడకి జేరెయ్యి," అంది దేముడమ్మ చివరికి. "ఎన్నాళ్లు పచ్చిగా ఉంటాయి?"

"పది రోజులుంటాయి వదినా," అన్నాడు కూర్మయ్య, తల ఎత్తకుండా.