వడ్ల కుచ్చు కట్టవలసిన ఎత్తు

పోయిన ఆదివారం సకుటుంబంగా పక్షుల పార్కుకు వెళ్లాము. అక్కడ పిట్టలు స్వేచ్ఛగా ఎగురుతుంటాయి, మనుషులు వల కింద క్రమశిక్షణతో నడుస్తుంటారు. లోపల వేలాడుతున్న వడ్ల కుచ్చును చూసి మా అమ్మాయి, "డాడీ, ఇదేం డెకరేషన్?" అని అడిగింది. ఎండుగడ్డి వాసన తగలగానే నేను చిక్కడపల్లిలో మా పాత కిరాయి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డాను.

మిత్రులారా, మీ గుమ్మాలకూ ఉండేది కదా ఆ కుచ్చు! పిచ్చుకల కోసం మా నాయనమ్మ కట్టినది మాత్రం ఇంటి ఓనరుకు కంటగింపుగా ఉండేది.

"అంతా గలీజు చేస్తున్నయమ్మా. కుచ్చు తీస్తరా, ఇల్లు ఖాళీ చేస్తరా?"

"మేం ఖాళీ చేస్తం బిడ్డా. పిట్టలకు మాత్రం నువ్వే చెప్పు."

మరునాడు ఆమె కుచ్చును జానెడు కిందికి దించి కట్టింది. ఆరడుగుల ఓనరు ఆపై ఎన్నిసార్లు హెచ్చరించడానికి వచ్చినా, పిచ్చుకల ముందు తల వంచే లోపలికి వచ్చాడు. మేము ఖాళీ చేయలేదు.

ప్రస్తుతం మా అశోక్‌నగర్ అపార్ట్‌మెంటులో పక్షులకు గింజలు వేయరాదని నోటీసు అంటించారు. నిన్న నారాయణగూడలో వడ్ల కుచ్చు కొని మా గుమ్మానికి కట్టాను. సంఘం అధ్యక్షులవారు కూడా పొడగరే అయినందున, ఎత్తు విషయంలో నాయనమ్మ కొలతనే అమలుపరచడమైనది.