టచింగ్ మాస్టారి భార్య ముఖం

టచింగ్ మాస్టారంటే ఆ ఫొటో స్టూడియోకి కుడిభుజం. ముప్పై ఏళ్లు ఒకే కుర్చీ, ఒకే కిటికీ. మొదట్లో నెగిటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో, తర్వాత కంప్యూటర్ మీద మౌస్‌తో మనుషుల ముఖాలు దిద్దేవాడు. మొటిమలు మాయం, కళ్ల కింద నలుపు మాయం, మెడ మీద ముడతలు మాయం. జనం ఫొటో చూసుకుని మురిసిపోయేవారు. మాస్టారు వాళ్లకంటే ఎక్కువే మురిసిపోయేవాడు. ఎవరి ముఖం చూసినా ఏం తీసెయ్యాలో ఠక్కున చెప్పేవాడు. ఏం ఉందో చెప్పమంటే మాత్రం నీళ్లు నమిలేవాడు.

ఆయన భార్యకు చెంప మీద కాలిన మచ్చ ఉండేది. చిన్నప్పుడు మరుగుతున్న నీళ్లు మీద పడ్డాయి. మాస్టారు పెళ్లి ఫొటోలోనే ఆ మచ్చ తీసేశాడు. ఆ తర్వాత ప్రతి ఫొటోలోనూ తీసేశాడు, గుర్తింపు కార్డు మీది చిన్న ఫొటోతో సహా. ఒకసారి ఆల్బమ్ తిరగేస్తూ ఆవిడ అడిగింది.

"ఈవిడెవరండీ? ప్రతి ఫొటోలోనూ మీ పక్కనే నిలబడుతోంది."

"నువ్వే. ఎంత బాగున్నావో చూడు."

"అంటే నేను బాగాలేనని ఇన్నేళ్లుగా చెబుతున్నారన్నమాట."

మాస్టారు అదేదో జోకనుకుని పడీపడీ నవ్వాడు. అప్పటినుంచి ఆవిడ ఎక్కడ కూర్చున్నా మంచి చెంప భర్త వైపు ఉండేలా కూర్చునేది. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చేత్తో ముఖం కప్పుకునేది. ఇవేవీ ఆయన గమనించలేదు. గమనించడం ఆయన పని కాదు కదా, చెరపడం ఆయన పని.

రెండు నెలల క్రితం ఆవిడ జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి రాలేదు. మాస్టారు ఉన్నవాటిలో అందమైన ఫొటో ఏరి, పెద్దది చేసి, ముందుగదిలో తగిలించాడు. నర్సుగా పనిచేసే కూతురు వచ్చి, ఆ ఫ్రేము దించి, గోడవైపు తిప్పి నేలమీద పెట్టింది.

"ఈవిడెవరో నాకు తెలీదు నాన్నా. ఇక్కడ మా అమ్మ ఉండాలి. అమ్మ ముఖం పెట్టిన రోజు ఫోన్ చెయ్యి, వస్తాను. అప్పటిదాకా ఈ ఇంట్లో నాకేం పనిలేదు."

ఒక్కగానొక్క కూతురు. మాస్టారు స్టూడియో అంతా గాలించాడు. పాత నెగిటివ్‌లు ఎప్పుడో చెత్తలో పోయాయి. టచ్ చేసిన ఫొటో మీదే మచ్చ గీసి చూస్తే ఎవరో పరాయి మనిషికి వేషం కట్టినట్టు వచ్చింది. ముక్కూ దవడా కూడా ఏనాడో సన్నం చేసేశాడు మరి. భార్య అసలు ముఖం ప్రపంచంలో ఒక్క కాగితం మీద కూడా లేదు. అంత శుభ్రంగా పనిచేశాడు మహానుభావుడు.

స్టూడియో ఓనరు ఆ మధ్యే కంప్యూటర్లో ఏఐ పెట్టించాడు. మాటల్లో రాస్తే బొమ్మ తయారుచేస్తుంది. నిన్నటిదాకా దాని పేరెత్తితేనే మాస్టారికి ఒళ్లు మండేది. ఇప్పుడు దాని ముందే బుద్ధిగా కూర్చుని మొదటి ప్రాంప్ట్ టైపు చేశాడు. "యాభై ఏళ్ల స్త్రీ. ముక్కు వెడల్పుగా వద్దు. ముడతలు వద్దు." అలవాటు కొద్దీ వేళ్లు అలా పోయాయి. బొమ్మ వచ్చింది. ఇంత వెడల్పు ముక్కు, ముఖం నిండా ముడతలు.

ఓనరు నవ్వాడు. "వద్దు అన్న మాట దాని తలకెక్కదు మాస్టారూ. మీరు దేని పేరెత్తితే అదే గీస్తుంది. ఏం ఉండాలో అది రాయండి. ఆవిడ కళ్లెలా ఉండేవి?"

మాస్టారు చాలాసేపు ఆలోచించాడు. "మామూలుగానే ఉండేవి."

"మామూలు అంటే దాని దృష్టిలో సినిమా హీరోయినే."

మూడు రోజులు తంటాలు పడ్డాడు. "ఓర్పుగల ఇల్లాలు" అని రాస్తే దీపాల వెలుగులో ఒక అందగత్తె వచ్చింది. "వేళకు కాఫీ ఇస్తుంది" అని రాస్తే ముఖం కంటే పెద్ద కప్పు వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన దగ్గరున్న సమాచారం అంతే. చివరికి మచ్చ మీద పడ్డాడు. అదొక్కటే పొల్లుపోకుండా గుర్తుంది. చెవి దగ్గర మొదలై పెదవి దాకా, మధ్యలో రెండుగా చీలి, ఎడమ చెంప మీద. రాసింది రాసినట్టు వచ్చింది. మాస్టారు చంకలు గుద్దుకుని, ఫ్రేము కట్టించి, కూతురికి ఫోన్ చేశాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. ఫొటో ముందు నిలబడి మచ్చ మీద వేలు పెట్టింది.

"మచ్చ సరిగ్గా వచ్చింది నాన్నా. కానీ అమ్మకు కుడి చెంప."

"ఎడమేనమ్మా. వందసార్లు నా చేత్తో చెరిపాను, నాకు తెలీదా?"

"నేను ఆ చెంపకు ఆనుకుని నిద్రపోయేదాన్ని. చివరిరోజు ఆ చెంప మీదుగా ఆక్సిజన్ మాస్క్ సర్దింది కూడా నేనే."

అప్పుడు తట్టింది మాస్టారికి. నెగిటివ్ మీద పెన్సిల్ పెట్టేటప్పుడు ముఖం తిరగబడి ఉంటుంది, కుడి ఎడమవుతుంది. ఆయన భార్యను శ్రద్ధగా చూసింది అక్కడే. కంప్యూటర్ వచ్చేసరికి చూడకుండానే చెరిపెయ్యడం చేతికి పట్టుబడింది. ఇంట్లోనేమో ఆవిడ ఆ చెంప ఆయనకు చూపించడం మానేసింది.

"ఓస్, ఇంతేనా," అన్నాడు తేలికపడి. "ఒక్క నొక్కు నొక్కితే తిరిగిపోతుంది."

స్టూడియోకి పరుగున వెళ్లి, మచ్చ కుడివైపుకు మార్చిన ప్రింటు తెచ్చాడు. ఫ్రేము దించి రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. కూతురు వాటిని చూడలేదు, తండ్రి ముఖమే చూసింది.

"మచ్చ సంగతి వదిలెయ్. ఈ కళ్లు, ఈ నుదురు, ఈ నోరు. వీటిలో అమ్మవేవో చెప్పు నాన్నా."

మాస్టారు దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా," అన్నాడు.

కూతురు బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"గోడ ఖాళీగానే ఉండనీ నాన్నా. ఈ ఇంట్లో కనపడకుండా ఉండటం అమ్మకు అలవాటే."