ఉతికే చోటి లైటు

మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే భూమేష్ చేతులు బోర్డు లోపలికి వెళ్లాయి. అతని పద్ధతి అది. కోరుట్లలో మోటార్లు విప్పి, సౌదీలోని హుఫూఫ్‌కు వచ్చాక తబ్రేజ్ అనే మేస్త్రీ వెనక నిచ్చెన మోసి పని నేర్చినవాడు. శుక్రవారం సెలవు పూట, తోటి పనివాళ్లతో కలిసి అద్దెకుంటున్న పాత ఇంట్లోనే పని పడింది. పొద్దున ఉతికే చోట లైటు తీగలు పోయే ఇనుప గొట్టానికి తడి లుంగీ తగిలించబోతే బుచ్చన్న చెయ్యి జివ్వుమంది.

కరెంటు నేలలోకి జారితే లైను తెంచే ఇ.ఎల్.సి.బి. బోర్డులోనే ఉంది. కాని దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపారు.

"ఎవరు చేసిండ్రు గిది?"

"నేనే," అన్నాడు తాపీ పని చేసే బాలన్న. "ఉతికేకాడ లైటు పెట్టిన. వేస్తే సాలు, ఇల్లంత బంద్. ఏసీ లేదని అందరు నన్నే తిట్టిరి."

"న్యూట్రల్ యాడికెళ్లి తెచ్చినవ్?"

"ఆ డబ్బాల లేకుండె. ఆకుపచ్చ తీగ ఖాళీగుంటే దానికే కట్టిన. వెలిగింది గదా."

"వెలుగుతది. పోయిన కరెంటు న్యూట్రల్ల తిరిగి రాలేదని ఇది పడిపోయింది. దాని పని అది చేసింది, నువ్వే దాన్ని ఇంటికి పంపినవ్."

భూమేష్ బోర్డులో ఆ ఆకుపచ్చ ఎర్త్ తీగ చివర పట్టి లాగాడు. మర వదులై ఊడి వచ్చింది. గొట్టానికీ అదే తీగ; నేలలోకి పోవాల్సిన దారి లేక కరెంటు గొట్టం మీదే నిలిచింది.

"చెప్పులున్నయి గనుక బతికినవ్, బుచ్చన్నా. వట్టి కాళ్లుంటే?"

బాలన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తీసేద్దమా లైటు?"

"తీస్తే చీకట్ల నేనెట్ల ఉతకాలే?" అన్నాడు బుచ్చన్న. "డ్యూటీ బస్సు తెల్లారకముందే వస్తది."

పక్క గది న్యూట్రల్ చేతికందేంత దగ్గరే ఉంది. అది వేరే లైనుది, కలిపితే మళ్లీ గొడవే. భూమేష్ ఈ లైటున్న లైను న్యూట్రల్‌ను బోర్డు నుంచి కొత్తగా లాగాడు. గోడ చెక్కింది బాలన్నే. ఆకుపచ్చ తీగను గొట్టానికి మాత్రమే బిగించి, బోర్డులో మర గట్టిగా తిప్పాక, ఇ.ఎల్.సి.బి.ని తిరిగి దాని చోట కలిపారు.

మెయిన్ వేశాడు. లైటు వెలిగింది, ఏసీ ఆగలేదు. టెస్ట్ బొత్తాం నొక్కితే టక్కున పడిపోయింది. మళ్లీ ఎత్తాడు.

"నెలకోసారి నువ్వే నొక్కు, బాలన్నా. పడకపోతే నన్ను పిలువు. తీగలు మాత్రం కలపకు."

బాలన్న తలూపి, చెక్కిన గోడకు సిమెంటు పూసి చెయ్యి కడుక్కున్నాడు. భూమేష్ టెస్టర్‌తో గొట్టం మొత్తం చూసి, ఎక్కడా కరెంటు లేదని తేలాక లైటు ఆర్పి, స్విచ్చు దగ్గర నుంచి పక్కకు జరిగాడు. బుచ్చన్న లైటు వేసుకుని, బకెట్ నల్లా కింద పెట్టాడు.