ఇగ అందరు బయటకు నడువుండ్రి

కోరుట్లలో ఆ సాంస్కృతిక కేంద్రం ముందు నుంచి ఆటో పోతుంటే ఇప్పటికీ తల అటు తిప్పను. అవ్వను చూడ్డానికి పోయే దారి అదే మరి, తప్పించుకోను కూడా లేను. మా దగ్గర అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. బాపు పోయి కొన్నేళ్లయింది. అవ్వ మా తమ్ముడి దగ్గర ఉంటుంది.

నిరుడు ఆ కేంద్రంలో దుబాయి పోయొచ్చినవాళ్ల వస్తువులతో ఒక ప్రదర్శన పెట్టారు. రెక్సిన్ పెట్టెలు, పూల దుప్పట్లు, ఖాళీ అత్తరు సీసాలు. కేంద్రం చూసుకునేది నాకు బడిలో సాంఘికం చెప్పిన సారు. "జగిత్యాల కాలేజీల పాఠాలు చెప్తవు గద బిడ్డా, గా కాలం ముచ్చట నువ్వే అచ్చి చెప్పాలె" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. మా అత్తగారిది సిరిసిల్ల. నేను మైకులో మాట్లాడుతుంటే చూడాలని అక్కడి నుంచి మా ఆడబిడ్డను కూడా పిలిపించుకున్నాను. ఎంత గొప్పో నాకు!

ఉపన్యాసానికి ఏదన్నా కొత్తగా ఉండాలి కదా అని అవ్వ దగ్గరకు పోయి, బాపు దుబాయి నుంచి మాట్లాడి పంపిన క్యాసెట్ అడిగాను. అవ్వ దాన్ని చీరల మడతల్లో నుంచి తీసింది కానీ చేతికివ్వలేదు.

"ఏం జేత్తరు దీన్ని?"

"అద్దాల పెట్టెల పెడుతరవ్వా. చూసుడే."

"చూసుడేనా?"

"చూసుడే" అన్నాను. అప్పటికి నేను అబద్ధమాడలేదు.

మా వాడకు ఫోన్లు లేని రోజుల్లో దుబాయిలో ఉన్న మగవాళ్లు క్యాసెట్లో మాట్లాడి, చుట్టీకి, అంటే సెలవుకు, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాళ్లు. క్యాసెట్ వచ్చిందంటే వాడంతా మా ఇంట్లోనే. బాపు ముందు వరస పెట్టి అందరికీ దండాలు చెప్పేవాడు, బర్రె దాకా ఎవర్నీ వదిలేవాడు కాదు. అదయ్యాక, "ఇగ అందరు బయటకు నడువుండ్రి, మా ఇంటామెతోని మాట్లాడాలె" అనేవాడు. అని ఊరుకునేవాడు. జనం లేచి పోవడానికి అక్కడి నుంచే సందు ఇచ్చేవాడన్నమాట. క్యాసెట్లో ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వినిపించేది. ఆడవాళ్లు అవ్వను గిల్లి, నవ్వుకుంటూ బయటకు నడిచేవాళ్లు, మమ్మల్నీ రెక్కపట్టి లాక్కుపోయేవాళ్లు. అవ్వ తలుపు వేసుకునేది. దుబాయిలో మనిషున్న ప్రతి ఇంట్లో ఇదే పద్ధతి. ఆ తర్వాత బాపు ఏం మాట్లాడేవాడో నాకెప్పుడూ తెలియదు.

ప్రదర్శన రోజు సారు ఎక్కడి నుంచో పాత టేప్‌రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "జర్రంత ఇనిపిద్దామా బిడ్డా?" అన్నాడు. ముందు వరసలో అవ్వ కూర్చుంది, ఆమె పక్కన మా వాడ పెద్దమ్మలు, వెనక కాలేజీ పిల్లలు. అవ్వను ఒక్క మాట అడగొచ్చు. నాలుగడుగుల దూరం లేదు. "పెట్టుండ్రి సారూ" అన్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

బాపు గొంతు హాలంతా నిండింది. "ఎదురింటి పెద్దవ్వకు దండాలు. మన బర్రె ఈనిందా? దూడెట్లున్నది?" పిల్లలు పగలబడి నవ్వారు. ఆడబిడ్డ వీడియో తీస్తోంది. ఆ నవ్వులూ చప్పట్లూ నాకే అన్నట్టు మైకు పట్టుకుని మురిసిపోయాను. ఆపాల్సిన చోటు దగ్గరకొస్తోందని తెలుసు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను.

"ఇగ అందరు బయటకు నడువుండ్రి, మా ఇంటామెతోని మాట్లాడాలె."

హాలు మళ్లీ గొల్లుమంది. తర్వాత ఫ్యాను చప్పుడు. నా వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. మరిచిపోయి కాదు, చేతకాక కాదు. వినాలనిపించింది. చిన్నప్పటి నుంచీ నన్ను బయటకు గెంటిన ఆ మాటలేమిటో ఈసారి వినేయాలనిపించింది. అంతమంది నడుమ, అవ్వ ముందు. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అప్పుడు ముందు వరసలో ఒక పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఆమె వెనక ఇంకొకామె. కొంగులు సర్దుకుని, ఎవరూ చెప్పకుండానే తలుపు వైపు నడిచారు. నవ్వుతున్న పిల్లలను చూసి ఆ పెద్దమ్మ కసిరింది, "ఇనవడ్తలేదా? నడువుండ్రన్నడు గద, లేవుండ్రి!" పిల్లలు బిత్తరపోయి లేచారు. ఆడబిడ్డ ఫోను దించింది. సారు కూడా తల వంచుకుని బయటకు పోయాడు. కుర్చీల చప్పుడు అణిగింది. అవ్వ వచ్చి టేప్‌రికార్డర్ ముందున్న కుర్చీలో కూర్చుంది. నేను మాత్రం మైకు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

అవ్వ నా మొహం చూడలేదు. "గా మైకు బంద్ జెయ్యి" అంది. చేశాను.

"నువ్వు గూడ పో బిడ్డా."

తల కొట్టేసినట్లయింది. తిట్టినా బాగుండేది. తలుపు దాకా పోయేలోపు ఫ్యాను చప్పుడు మధ్యలో నుంచి బాపు గొంతు సన్నగా వచ్చింది. "అన్నం తిన్నవా?"

"తిన్న" అంది అవ్వ.

తలుపు దగ్గరికేసి బయటకు వచ్చాను. పెద్దమ్మలు మెట్ల మీద వరసగా కూర్చుని, లోపలి మాట బయటకు వినపడకుండా కావాలని గట్టిగట్టిగా వరికోతల ముచ్చట పెట్టారు. నన్ను చూసి, కసిరిన పెద్దమ్మే కొంచెం జరిగి చోటిచ్చింది.

"గిప్పుడచ్చినవా? చిన్నప్పుడు గూడ గంతే. నిన్నే గుంజుకరావాల్సి అచ్చేది" అంది.

మిగతావాళ్లు నవ్వారు. వాళ్ల పక్కన కూర్చుని, అవ్వ తలుపు తీసేదాకా నేను కూడా వరికోతల గురించే గట్టిగా మాట్లాడాను.