పోలయ్య పడవ మీద చేతి మచ్చలు

పదకొండేళ్లుగా ఒక సంగతి కక్కలేక మింగలేక తిరుగుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని చిన్నా పెద్దా తప్పులన్నీ ఒప్పుకున్నాను, ఇదొక్కటి తప్ప. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఫైబర్ పడవలు చేస్తాను. మాది కోవూరు. సముద్రం ఒడ్డున ఏ పల్లె వాళ్లు పిలిస్తే అక్కడికి వెళ్లి, పందిరి వేసుకుని పని చేస్తాను. గాజు పీచు పరచడం, దానికి రెజిన్ అనే జిగురు పట్టించడం, ఆరాక మళ్లీ పరచడం. చివర్న పై పూత. ఎంత కష్టపడ్డా మనుషులు చూసేది ఆ పూతనే. అది చెడితే ఎందుకు చెడిందో కనిపెట్టడంలోనే ఉంది పనితనమంతా. ఆరినా జిగట పోలేదంటే మైనం కలపలేదని. పెచ్చులు లేస్తే కింద సరిగ్గా గీకలేదని. రెజిన్ పక్కకు తప్పుకుని గుంటలు గుంటలుగా పడిందంటే కింద నూనె ఉందని. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఒక పల్లెలో పోలయ్య అనే జాలరికి చేసిన పడవ అలాగే గుంటలు పడింది.

పోలయ్యను పెంచింది వాళ్లక్క కావేరమ్మ. ఆమె మొగుడు వేటకు వెళ్లి తిరిగి రాలేదు. తమ్ముడి ఇంట్లోనే ఉంటూ, అతని వలలో పడిన చేపల్ని గంపకెత్తుకుని ఊళ్లమ్మట అమ్మేది. నేను పని చేసినన్నాళ్లూ మధ్యాహ్నం అన్నం ఆమే తెచ్చేది. చేపల పులుసులో మంచి ముక్క నాకు వేసి, తోక ముక్క తను తినేది. పూత వేయాల్సిన రోజున కూడా తెచ్చింది. గిన్నె కింద పెట్టి, పడవ ముక్కు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. తన చేతుల్లో పెరిగిన తమ్ముడి సొంత పడవ కదా. దారినపోయే ఇద్దరు ముగ్గురు చూశారు.

ఆమె వెళ్లాక నేను చివరిసారి గీకుడు పని చేశాను. గాజు దుమ్ము పడితే చేతులు ఎలా మండుతాయో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. మేమంతా కొబ్బరి నూనె రాసుకుంటాం. రాసుకున్నాక సబ్బుతో కడగనిదే పడవను ముట్టుకోకూడదు. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పిన మాట అది. ఆ రోజు దురద ఆగక నూనె రాసుకున్నాను. తర్వాత, ఎక్కడైనా గరుకు మిగిలిందేమోనని ఒట్టి చేత్తో ముక్కంతా తడిమి చూశాను. ఎందుకు మరిచిపోయాను? అలసటా? పొగరా? పాతికేళ్ల అనుభవం ఉందిలే అన్న ధీమా అనుకుంటాను. ఎండ తగ్గాక, పొద్దు గుంకే ముందు పూత వేసి వెళ్లిపోయాను.

తెల్లారి చూస్తే ముక్కు మీద అరచేతుల మచ్చలు. వేళ్లతో సహా. రెజిన్ అక్కడ నిలవకుండా పక్కకు జరిగిపోయింది. నాకంటే ముందే జనం చేరారు. పోలయ్య అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"చూడండమ్మా, ముండమోసిన చెయ్యి పడితే ఏమయిందో! పసుపు కుంకాలు పెట్టకముందే తాకింది."

కావేరమ్మ చెయ్యి చిన్నది. ఆ మచ్చలు పెద్దవి. జనం పక్కకు తప్పుకున్నాక నా అరచెయ్యి ఆనించి చూసుకున్నాను. సరిగ్గా సరిపోయింది. నేను చేసిందేమిటంటే, గీకుడు కాగితం తీసుకుని ముందు ఆ మచ్చల్నే చెరిపేశాను.

ఆ సాయంత్రం ఆమె పందిరి వెనక్కి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది.

"తమ్ముడూ, పని తెలిసినోడివి. నువ్వు చెప్పు. నిజంగా నా చెయ్యి తగిలినందుకేనా ఇట్టా అయింది?"

"నాకేం తెల్సక్కా. అందరూ అట్నే అంటుండారు గదా."

ఆమె తలూపి వెళ్లిపోయింది. అంతే జరిగింది.

ఎందుకన్నాను ఆ మాట? అప్పటికే పక్క పల్లెల వాళ్లు ఇద్దరు పడవలు చేయమని అడిగి ఉన్నారు, నూనె చేత్తో పూత చెడగొట్టానని తెలిస్తే నా పేరేం కావాలి అనుకున్నాను. ఇంకొకటి ఉంది, అది చెప్పడానికి ఎక్కువ సిగ్గు. మా ఇంట్లో విధవ, ముత్తయిదువ అన్న పట్టింపే లేదు. మా అమ్మ కూడా విధవే. రవ్వంత కూడా నమ్మనిదాన్ని నా అవసరానికి వాడుకున్నాను. నమ్మి అన్న ఆ ముసలమ్మే నాకంటే నయం కాదూ?

పడవ కడిగి మళ్లీ పూత వేశాను. ఆ రోజు పోలయ్య ఇంటివాళ్లు ఆమెను బయటికి కదలనివ్వలేదు. పూత అద్దంలా వచ్చింది. దాంతో జనానికి రుజువు దొరికినట్టయింది. అందరూ నన్ను మెచ్చుకుంటుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ తర్వాత వల చిరిగినా, చేప పడకపోయినా ఆమె పేరే. గంప పట్టుకుని ఒడ్డుకు రావద్దన్నారు. పోలయ్య ఒక్కసారి కూడా అడ్డం రాలేదని విన్నాను. ఏడాది తిరగకముందే ఆమె సూళ్లూరుపేటకు వెళ్లి, ఒక మెస్సులో అంట్లు తోమే పనిలో చేరింది.

పోయిన నెల వెళ్లాను. వెతుక్కుంటూ వెళ్లి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. నూనె సంగతి, మచ్చలు చెరిపిన సంగతి, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. కొడుతుందని ఆశపడ్డాను కూడా. ఆమె పీట వాల్చి కూర్చోమంది.

"నా మనసు కుదుటపరచాలని ఇంత దూరం వచ్చినావా తమ్ముడూ? నీ పనిలో తప్పు జరగదు, నాకు తెలీదా. నా చెయ్యే అట్టాంటిది. మెస్సులో కొత్త గిన్నె తెస్తే గూడా ముందు వేరేవాళ్లని ముట్టుకోమంటా."

నేను ఒట్టు వేశాను. ఏడ్చాను. ఆమె నన్నే ఓదార్చింది. నువ్వు మంచోడివి అంది. నేను బస్సెక్కేదాకా రోడ్డు మీదే నిలబడింది.

ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. పదకొండేళ్లు ఆ అబద్ధంతో బతికింది ఆమె, ఇప్పుడు నేను వెళ్లి నిజం చెబితే దానికి చోటెక్కడుంది? వచ్చే ఆదివారం మళ్లీ వెళతాను. మళ్లీ చెబుతాను. నమ్ముతుందన్న ఆశ పెద్దగా లేదు. క్షమించమని అడిగే హక్కూ నాకు లేదు. ఇక్కడిదాకా రాసేసరికి మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా అందుతోంది, అది కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

ఆమె నమ్మలేదు. మీరైనా నమ్మండి. ఆ చెయ్యి నాది.