గండ్లు పూడ్చిన మా సెక్రటరీ గారు

మా సెక్రటరీ గారు పోయారని మాతో పనిచేసే మాఝీ దాదా వచ్చి చెప్పాడు. సైకిలు దిగను కూడా లేదు. ఒక కాలు మా గుమ్మం మెట్టు మీద ఆన్చి, "బాబూ చలే గయే, దీదీ" అన్నాడు. ఎప్పుడని అడిగాను. తెల్లారగట్ల అన్నాడు. నేను లోపలికెళ్ళి పొయ్యి మీద అన్నం దించాను, ఉడకలేదని మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ దించేశాను. వానలకు ముందు నుంచీ మంచాన పడిన మనిషి, ఇంక లేవరని మా అందరికీ తెలుసు. తెలిసి ఉండటం వల్ల నాకేమీ ఒరగలేదు.

జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళకి ఆయన రైల్వే మనిషిగానే తెలుసు. టెక్కలి వైపు వారు. టాటానగర్‌లో పట్టాలు చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తర్వాత ఏం బుద్ధి పుట్టిందో, బిర్సానగర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని, వానకి నేల కొట్టుకుపోకుండా చూసే సంఘం అని బోర్డు కట్టి, తనే సెక్రటరీ అయ్యారు. మా నాన్న ఆయన కింద గ్యాంగులో పనిచేసినవాడు. మెట్రిక్ పాసై ఇంట్లో ఖాళీగా కూర్చున్న నన్ను తీసుకెళ్ళి ఆయనకి అప్పజెప్పాడు. "నేలకి సంఘమేటి బాబూ, నేలేటి యూనియన్ పెడతాదా?" అని నవ్వాడు కూడా. ఆయనా నవ్వారు. మర్నాటి నుంచి పనికి రమ్మన్నారు.

పని అంటే ఇది. అడవి కొట్టేసిన వాలు మీద వాన పడితే మట్టి జారి నదిలో కలుస్తుంది. నీళ్ళు పారిన చోటల్లా మనిషి లోతు గండ్లు పడతాయి. ఆ గండ్లకి అడ్డంగా రాళ్ళు పేర్చడం, వాలుకి అడ్డంగా మట్టిగట్లు వెయ్యడం, గట్ల మీద గడ్డి నాటడం, ఆ తర్వాత మొక్కలు. రాళ్ళు పేర్చడంలో మాఝీ దాదాది పెద్ద చెయ్యి. మనిషి సంథాల్ గిరిజనుడు, మాట హిందీ, మా సెక్రటరీ గారితో మాత్రం సగం తెలుగులో పోట్లాడేవాడు.

మా సెక్రటరీ గారికి ఒక పట్టుదల ఉండేది. ఏ నేల మీదైనా ఒక గట్టి వాన పడటం కళ్ళారా చూడందే పార వెయ్యనిచ్చేవారు కాదు. ఆదిత్యపూర్ నుంచి ఎవరో చిన్న కార్ఖానా ఆయన వచ్చి, నా స్థలం వెనక మట్టి జారిపోతోంది, వెంటనే మొదలెట్టండని బతిమాలితే, "వాన రానీండి బాబూ, సూత్తాం" అని టీ ఇప్పించి పంపేశారు. వాన మొదలైందంటే జనమంతా లోపలికి పరిగెడతారు కదా, మేం బయటికి పరిగెట్టేవాళ్ళం. నేను చేరిన కొత్తలో అలాంటి వానలో నన్ను నిలబెట్టారు. చీర కాళ్ళకి చుట్టుకుపోయి, కళ్ళల్లోకి నీళ్ళు కారుతుంటే నేను మొహం తుడుచుకుంటున్నాను. "మొకం తరవాత తుడుసుకుందువు గాని, కిందకి సూడు తల్లీ. నీరేటి సేత్తందో సూడు" అన్నారు. చూశాను. నాకు బురద తప్ప ఏమీ కనపడలేదు. ఆ మాటే చెప్తే, "పర్లేదు, అదీ కనపడింది కదా" అన్నారు.

గట్టు వేశాక మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గట్టు చివర నుంచి చివరికి చూసేవారు. రైలు పట్టా వంకర అలాగే కనిపెట్టేవారట. రైల్వేలో వంకర ఉంటే సరిచేసేవారు, ఇక్కడ తిన్నగా ఉంటే తిట్టేవారు. "వాలు ఎలగుంటే గట్టు అలగ తిరగాల. నీరుని ఆపీకండి, నిమ్మళంగా నడిపించండి" అనేవారు. మధ్యాహ్నం స్టీలు డబ్బాలో చోడంబలి తెచ్చుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవారు. మేం మూఢీ, అదే మరమరాలు, తింటే, "గాలి తింతన్నారు" అని వెక్కిరించేవారు. మంచివాడని చెప్పడానికి రాస్తున్నాను గానీ ఆయనతో వేగడం మాటలు కాదు. గడ్డిపోచ తొక్కితే కేకలేసేవారు.

బిర్సానగర్ చివర, నదికి దిగే వాలు మీద మాకొక నేల దొరికింది. దొరికిందంటే కొనలేదు. దాని ఆసామి వేరే ఊళ్లో ఉండేవాడు. మేం వెళ్ళి అడిగితే, "అందులో మేకలు కూడా కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి, ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాడు. నోటి మాట. ఆ మాట పట్టుకుని మేం ఏళ్ళ తరబడి చాకిరీ చేశాం. గండి తర్వాత గండి పూడింది. గట్ల వెనక మట్టి నిలిచి వాలు మెట్లు మెట్లుగా చదునైంది. గడ్డి మోకాలి దాకా లేచింది. పక్క బస్తీ బావిలో ఎండాకాలం కూడా నీళ్ళు ఉన్నాయని ఆడవాళ్ళు వచ్చి చెప్పిన రోజు మా సెక్రటరీ గారు నేను గడ్డి తొక్కినా తిట్టలేదు.

ఇంకొక వానాకాలం అయ్యాక ఒకరోజు వెళ్ళేసరికి నేలంతా సున్నం గీతలు. మా గట్లు వాలుతో పాటు వంపులు తిరిగితే, ఆ గీతలు గట్లని అడ్డంగా కోసుకుంటూ తిన్నగా పోయాయి. ఆసామి పోయాడట. కొడుకులు ప్లాట్లు వేశారు. ఎవరండీ కొంటారు గండ్లు పడ్డ నేలని? చదునుగా ఉంది, పచ్చగా ఉంది, పక్కనే బావిలో నీళ్ళున్నాయి. అందుకే కొన్నారు. అవన్నీ చేసింది మేమే.

ఎక్కడెక్కడికి తిరిగామో. ఆఫీసుల్లో అందరూ మర్యాదగానే కూర్చోబెట్టారు. "భూమి మీదా?" అని అడిగేవారు. కాదు. "మరి మీకేం సంబంధం?" అనేవారు. మా సెక్రటరీ గారు గొడుగు తీసుకుని లేచేవారు. జీవితమంతా జవాబు చెప్పగలిగిన మనిషి ఆ ప్రశ్న దగ్గర అలా లేచిపోవడం చూడలేక నేను కిటికీ వైపు తిరిగేదాన్ని. ఆసామి కొడుకు దగ్గరికి వెళితే టీ ఇచ్చి, "మీ పుణ్యమే బాబుగారూ" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

ఆ సాయంత్రం సంఘం గదిలో నేను గట్టిగానే అరిచాను. "మనం ముట్టుకోకుండా వదిలేస్తే ఆ నేల ఉండేది సార్. బాగు చేశాం కాబట్టే పోయింది."

ఆయన గొడుగు మడుస్తూ, "అయితే ఏటి సెయ్యమంతావమ్మా? పాడుగా ఉంచీమంతావా?" అన్నారు.

కోపంగా అడిగింది కాదు. నేనేదైనా చెప్తానేమోనని చూశారు. మాఝీ దాదా బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు.

ఆ తర్వాత మేమెవరం ఆ వైపు పోలేదు. గోవింద్‌పూర్ దగ్గర వేరే నేల మొదలెట్టాం, చుట్టు తిరిగి అటు వెళ్ళేవాళ్ళం. ఆయన మాత్రం పోయేవారు. గట్లు తవ్వేశారు కదా, మొదటి వానకే కొత్త ఇళ్ళ ముందు మట్టి కోసుకుపోయిందట, ఎవరో వచ్చి పిలిచారు. వెళ్ళి కాలువ ఎటు తియ్యాలో చూపించి వచ్చారు. "ఎందుకు సార్ వాళ్ళకి?" అంటే, "ఆళ్ళకేటి తెలుసు పాపం, అప్పు సేసి కొనుక్కున్నారు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన అలాంటివారు, ఏం చేస్తాం.

వానలకు ముందు పక్షవాతం ఆయన కుడి పక్కని, మాటని కలిపి తీసుకుపోయింది. నేను రోజూ వెళ్ళి చెంచాతో అంబలి పట్టేదాన్ని. సగం లోపలికి, సగం దిండు మీదికి. వాన పడితే జల్లు కొడుతుందని వాళ్ళావిడ కిటికీ మూయబోయేది. ఆయన ఎడం చెయ్యి లేపి వద్దని ఊపేవారు. "సూడమ్మా, తడిసిపోతన్నాడు, ఇనడు" అని ఆవిడ నాతో చెప్పుకునేది. నేను ఒక గుడ్డ తెచ్చి మంచం అంచున పరిచేదాన్ని. అంతకన్న నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

తెల్లారగట్ల పోతే, ఆ ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరదీశారు. వాళ్ళకి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పాడె మోసింది మా సంఘం వాళ్ళే, ముందు కుడి పక్క మాఝీ దాదా. ఆడవాళ్ళు వీధి చివర ఆగిపోవాలి. నేను ఆగలేదు, నన్నెవరూ ఆపలేదు. నదికి పోవాలంటే రోడ్డు మీద చుట్టు తిరిగి పోవాలి. వాళ్ళు మాత్రం మలుపు దగ్గర ఒక మాటైనా అనుకోకుండా మా పాత వాలు కిందికి తిరిగిపోయారు. ఎన్నేళ్ళు రాళ్ళు మోశారు ఆ దారిన, కాళ్ళు అటే పోయాయి. నా కాళ్ళూ పోయాయి. రెండు ఇళ్ళ మధ్య ఇరుకు సందులోంచి కిందికి దిగాక ఎదురుగా గోడ. కొత్త ఇటుకలు, ఇంకా సున్నం వెయ్యలేదు. మాలో ఒక్కరికీ ఆ గోడ సంగతి తెలియదు.

"రాస్తా బంద్ హై" అన్నాడు తమ్ముడి కొడుకు. గోడ అవతల డాబా మీద ఒకాయన బట్టలు ఆరేస్తూ మమ్మల్ని చూశాడు. చేతిలో తడి చొక్కాతోనే దణ్ణం పెట్టాడు. వాకిలి తెరవమని శవం మోస్తున్నవాళ్ళు ఎవరినైనా ఎలా అడుగుతారు? మేం అడగలేదు. ఆయన అలాగే చేతులు జోడించి నిలబడ్డాడు.

సందులో పాడె తిరగదు. పాడెతో వెనక్కి నడవకూడదంటారు, అది అందరికీ తెలుసు. మాఝీ దాదా మెల్లగా, "పీఛే చలో" అన్నాడు. నలుగురూ భుజాలు మార్చుకోకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ వాలు ఎక్కడం మొదలెట్టారు. వెనకున్నవాళ్ళకి దారి కనపడదు, మడమలతో తడుముకుంటున్నారు. ముందు నడవాల్సిన కుర్రాడు నిప్పుకుండతో గోడ దగ్గర మిగిలిపోయాడు. సెక్రటరీ గారి పాదాలు అతని వైపు ఉన్నాయి, దూరమవుతున్నాయి. కుండలోంచి పొగ అతని మొహానికి కొడుతుంటే కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, కళ్ళు మూసుకుని ఆ పాదాల వెనకే పైకి నడిచాడు.