ముప్పై ఒకటో వరుసలో బతికున్నామె

సుకన్య చేసే ఉద్యోగం ఏమిటో ఆళ్లగడ్డలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్లకు ఆమె చిన్నాయన శేషయ్య, "నంద్యాలలో కంప్యూటర్ ముందర కూచుంటాది" అని చెప్పి ఊరుకుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన ఆ పిల్ల పొద్దున ఏడింటి బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరి, ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో పాత ఎక్స్‌రే కవర్ల మధ్య వేసిన బల్ల ముందు సాయంత్రం దాకా కూర్చునే ఉంటుంది. పెద్ద డాక్టర్లు కాబోయే చిన్న డాక్టర్లు తలా ఒక పరిశోధన చేసి తీరాలి. రోగుల వివరాలు కాగితాల మీద రాసుకొచ్చి ఆమె నెత్తిన పోసి పోతారు. ఆమె వాటిని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, లెక్క తీసి, ఫలానా వైద్యం పనిచేసిందో లేదో తేల్చి చెబుతుంది. తేల్చేది ఈమె, పుస్తకం మీద పేరు వాళ్లది. దానికి సుకన్య ఎప్పుడూ నొచ్చుకోలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పుకోవాలి. చాలామంది డాక్టర్లు దాన్ని సోది చెప్పే మనిషిని నమ్మినట్టు నమ్ముతారు. నిజానికి దానికి తెలిసిందేమీ లేదు. మనం ఏది పెడితే అది తింటుంది, తిన్నదాన్నే కొంచెం నాజూకుగా కక్కుతుంది. బతికున్నవాళ్లకు ఒకటి, పోయినవాళ్లకు సున్నా. ఒకటి కొడితే బతికున్నట్టే, ఊరంతా వచ్చి కాదన్నా అది వినదు.

మొన్న శ్రావణమాసంలో సాయి ప్రియ అనే డాక్టరమ్మ తన పరిశోధన తెచ్చింది. కాకినాడ వైపు అమ్మాయి, మెత్తనిది, కష్టపడేది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి వచ్చిన ఎనభై మంది లెక్క అది. అందులో నలభై మందిని ఏడు రోజులు ఉంచుకొని పంపారు. మంచాలు చాలని రోజుల్లో వచ్చిన నలభై మందిని నాలుగో రోజే మాత్రలు చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. నెల తిరిగాక అందరికీ ఫోన్లు చేసి, ఉన్నారా పోయారా అని రాసుకున్నారు. తేడా లేదని తేలితే ఇకమీదట అందరినీ నాలుగో రోజే పంపవచ్చని ఆసుపత్రి ఆలోచన.

సుకన్య ఒక్కో వరుసే సరిచూస్తూ పోయింది. ముప్పై ఒకటో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది. కమలాక్షమ్మ, ఆళ్లగడ్డ, నాలుగో రోజు డిశ్చార్జి. నెల తర్వాత: ఒకటి.

కమలాక్షమ్మ ఆమె చిన్నమ్మ. చిన్నమ్మకు జన్మలో నెమ్ము చేయలేదు. ఆ పేరుతో ఆసుపత్రి మంచం మీద పడుకున్నది సుకన్య తల్లి విశాలాక్షమ్మ. ఇంటికొచ్చిన పంతొమ్మిదో రోజున ఆమె చనిపోయింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంటి కోడళ్లు. అన్నదమ్ములు వేరుపడ్డాక శేషయ్య తన భాగం అమ్ముకున్నాడు కాబట్టి చిన్నమ్మకు ఉచిత వైద్యానికి ప్రభుత్వం వారి ఆరోగ్య కార్డు వచ్చింది. సుకన్య తండ్రి పోయి ఆరేళ్లయినా పన్నెండెకరాల మెట్ట ఆయన పేరునే ఉండిపోయింది కాబట్టి తల్లికి రాలేదు. అందులో ఏడెకరాలు నాపరాయి. దాని మీద మేకలు కూడా మొహమాటానికే మేస్తాయి. ఆ సంగతి కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

తల్లికి ఊపిరాడని రోజున చిన్నమ్మే తన కార్డు తెచ్చి సుకన్య చేతిలో పెట్టింది. కౌంటర్ దగ్గర వేలిముద్ర మిషన్ పట్టలేదు. శనక్కాయలు వొలిచి వొలిచి అరిగిన వేళ్లను ఆ మిషన్ ఎప్పుడూ పట్టదు, కౌంటర్ వాళ్లకు అది అలవాటే. ఫోటో చూశారు, అక్కాచెల్లెళ్ల పోలిక సరిపోయింది. ఒక్కటే చిక్కు వచ్చింది. నర్సు వచ్చి "కమలాక్షమ్మా" అని పిలిస్తే విశాలాక్షమ్మ పలికేది కాదు. సుకన్య మోచేత్తో పొడిచేది. మూడు రోజుల్లో తల్లికి చెల్లెలి పేరుకు పలకడం నేర్పింది. నాలుగో రోజు పంపించేశారు.

నెల తర్వాత ఆసుపత్రి వాళ్లు కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశారు. కమలాక్షమ్మ గారేనా అన్నారు. చిన్నమ్మ అవునంది. ఎలా ఉన్నారన్నారు. బాగున్నానంది. అడిగినదానికి ఆమె నిజమే చెప్పింది, పాపం.

సుకన్య లెక్క తీసింది. నాలుగో రోజు పంపినవాళ్లలో అయిదుగురు పోయారు, ఏడు రోజులు ఉంచినవాళ్లలో ఒక్కరూ పోలేదు. సాఫ్ట్‌వేర్ 0.055 అంది. ఈ విద్యలో 0.05 దగ్గర ఒక గీత ఉంది. లెక్క దానికి కిందికొస్తే తేడాను నమ్ముతారు. పైన ఉంటే, అది వట్టి యాదృచ్ఛికం కూడా కావచ్చులే అని దులిపేసుకుంటారు. అయిదుగురు మనుషులు గీతకు జానెడు ఎడంలో ఆగిపోయారు.

ఎవరూ చూడకుండా ముప్పై ఒకటో వరుసలో ఒకటి తీసి సున్నా కొట్టింది. 0.026 వచ్చింది. గీతకు కిందికి, బాగా కిందికి. తల్లిని లెక్కలోకి తీసుకుంటే ఆసుపత్రి పద్ధతే ఆగిపోతుంది. సుకన్యకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తర్వాత సున్నా తీసి మళ్లీ ఒకటి పెట్టింది. కాగితంలో లేనిది రాయడం ఆమెకు చేతకాదు.

"మేడం, ఒకరి కార్డు మీద ఇంకొకరు చేరితే ఏమవుతుంది?" అని సాయి ప్రియను ఊరికే అడిగినట్టు అడిగింది.

"అమ్మో, పెద్ద గొడవండీ. కార్డు ఇచ్చినవాళ్ల మీద కేసు పెడతారు. నిరుడు ఒకాయన్ని స్టేషన్లో కూర్చోబెట్టారు కూడాను. ఏం, ఎందుకూ?"

"ఏం లేదు మేడం."

ఆ సాయంత్రమే పెద్ద డాక్టరు డేవిడ్ గారు అంకె చూసి, "మరీ అంచు మీద ఉంది. నాలుగో రోజు పంపినవాళ్లకి మళ్లీ ఒకసారి ఫోన్ చేసి నిర్ధారించుకోండి" అన్నారు. సాయి ప్రియ సుకన్య వైపు తిరిగింది. "మీ యాసలో మీరడిగితే వాళ్లు సరిగ్గా చెబుతారండీ. నేను పక్కన కూర్చుని టిక్కు పెట్టుకుంటాను." సుకన్యకు ప్రాణం లేచొచ్చింది. తను నోరు విప్పనక్కర్లేదు, చిన్నమ్మ చెబితే చాలు.

ఇంటికెళ్లి పళ్లెం ముందు కూర్చుని విషయమంతా చెప్పి, రేపు ఫోనొస్తే నిజం చెప్పమని చిన్నమ్మను అడిగింది. శేషయ్య ముద్ద చేతిలోనే పట్టుకొని విన్నాడు.

"పోయినామె తిరిగొస్తాదా అమ్మీ? ఉన్నామెను స్టేషన్ మెట్లెక్కించల్లనా?"

"మా అమ్మ బాగుండాదని రాసుకున్నారు చిన్నాయనా. రేపు ఇంకోళ్లమ్మను కూడా నాలుగో రోజే పంపిచ్చేస్తారు."

"ఎవురమ్మ సంగతి వాళ్లు చూసుకుంటారు. నువ్వు తిను."

చిన్నమ్మ కంచాలు తీసి, వాకిట్లోకి పోయి, చాలాసేపు తోముతూనే ఉంది. అమ్మ పోయినప్పటి నుంచి సుకన్యకు తలంటేది, బస్సుకు ఆలస్యమైతే క్యారియర్ పట్టుకొని వీధి చివరిదాకా పరుగెత్తేది ఆ మనిషే. అడగకుండా ఉండాల్సిందేమో అని సుకన్యకు అప్పుడే అనిపించింది.

మర్నాడు పదకొండు గంటలకు ఆసుపత్రి ఫోన్ ముందు కూర్చుంది. పక్కన సాయి ప్రియ, కాగితం, పెన్ను. ముప్పై మందికి ఫోన్లు అయ్యాయి. తర్వాతి నంబరు ఆమెకు చూడకుండానే వచ్చు.

"కమలాక్షమ్మ గారేనా అండీ? నంద్యాల ఆసుపత్రి నుంచి."

అవతల ఊపిరి వినిపించింది.

"కమలాక్షమ్మనే. ఇనమ్మీ. రాత్రి నించి అనుకుంటాండా. మీ ఆసుపత్రిలో పండుకొనింది నేను గాదు. మా యక్క. మా యక్క పేరు—"

సుకన్య వేలు ఫోన్ మీది మీటను నొక్కేసింది. ఎప్పుడు నొక్కిందో ఆమెకే తెలియదు. కేసు, స్టేషన్ బల్ల మీద కొంగు కప్పుకొని కూర్చున్న చిన్నమ్మ, అవే ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

"ఏమైందండీ?" అంది సాయి ప్రియ.

"లైన్ పోయింది మేడం. బాగున్నానన్నారు."

సాయి ప్రియ టిక్కు పెట్టుకొని, తర్వాతి నంబరు చూపించింది.

భోజనాల వేళ సెల్‌ఫోన్ మోగింది. సుకన్య మెట్ల దగ్గరికి పోయి ఎత్తింది.

"చెప్పనియ్యలేదేందే? మనసు గట్టి చేసుకొని చెప్పబోతిని. యాడ నా ధైర్యం జారిపోతాదో అని మీ చిన్నాయనను గూడా బయటికి పంపిచ్చినా."

"నువ్వన్నా ఉండల్ల కదా చిన్నమ్మా."

అవతల చిన్నమ్మ ఏడ్చింది. ఇవతల సుకన్య గోడకు ఆనుకొని వింటూ నిలబడింది. ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు.

మూడు గంటలకు లెక్క మళ్లీ తీసింది. 0.055. నాలుగో రోజు పంపినందువల్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని సాయి ప్రియ కోసం రాసిపెట్టింది. ఆ డాక్టరమ్మ సంతోషపడి, పుస్తకం చివర కృతజ్ఞతలు చెప్పే పేజీలో మీ పేరు కూడా వేస్తానండీ, మీ ఇంట్లో వాళ్ల పేర్లు ఎవరివైనా వేయమంటారా అని అడిగింది.

"విశాలాక్షమ్మ" అంది సుకన్య.

"ఎవరండీ ఆవిడ?"

"మా అమ్మ" అని చెప్పి, ఆ పేరు ఎలా రాయాలో కాగితం మీద రాసి చూపించింది.